అన్నీ మనవే, ఒక్కటి తప్ప

దర్జీ గోడ దూకాడు!

వెనకే బూత్ ఏజెంట్ కూడా దూకాడు. మోకాలు గీరుకుపోయింది. నొప్పి తెలియలేదు. ఈమధ్య అతనికి ఏదీ తెలియడం లేదు.

"వదలకు! ప్రాణాలతో కావాలి!" వెనక నుంచి పార్టీ పెద్దాయన అల్లుడి కేక.

ప్రాణాలతోనా... అదొక్కటే కుదరదు.

సందు. మలుపు. మళ్లీ సందు!

మెయిన్ రోడ్డు మీద గెలుపు ఊరేగింపు. టపాకాయలు. రాష్ట్రంలో మళ్లీ అదే పార్టీ. తాతల నాటి నుంచీ అదే పార్టీ. డప్పుల వాళ్లు కూడా ఆవలిస్తూ కొడుతున్నారు.

మధ్యాహ్నం ఓట్ల లెక్కింపు అయిపోగానే పెద్దాయన పిలిచాడు.

"నీ బూత్‌లో అన్నీ మనవే. ఒక్కటి తప్ప. ఎవడు వాడు?"

ఏజెంట్ నోరు తెరిచాడు. ఎదురుగా గోడకు పెద్దాయన కొత్త కోటు వేలాడుతోంది.

"దర్జీ" అనేశాడు.

అంతే. నోటికొచ్చిన పేరు! పెద్దాయన సొరుగులోంచి తుపాకీ తీసి అతని చేతిలో పెట్టాడు. సిగ్గుపడాలని ఏజెంట్‌కు తెలుసు. సిగ్గు రాలేదు.

ఎందుకంటే... ఆ ఒక్క ఓటూ వేసింది అతనే!

పోలింగ్ రోజు జనం వచ్చారు. వేలికి సిరా పూయించుకున్నారు. ఇంటికెళ్లారు. అందరి బదులూ బటన్ నొక్కింది ఏజెంట్ ఒక్కడే. నొక్కు. బీప్. నొక్కు. బీప్. ఎప్పుడో సాయంత్రం వేలు పక్క బటన్ మీదికి పోయింది.

పెద్దాయన దగ్గర మాత్రం గొప్పలు పోయాడు. "జనమే వేశారండీ. మీరంటే అంత ప్రేమ!"

ఇప్పుడు దర్జీ నోరు విప్పితే ఆ ప్రేమ కాస్తా బయటపడుతుంది. వాడు అల్లుడికి దొరక్కముందే కాల్చెయ్యాలి!

దర్జీ తన షాపు వెనక తలుపులోంచి లోపలికి దూరాడు. ఏజెంట్ కూడా దూరాడు. కుట్టుమిషన్లు. తానులు. సగం కుట్టిన పార్టీ జెండాలు. ముందు షట్టర్‌కు తాళం!

దర్జీ ఇస్త్రీ బల్లకు ఆనుకుపోయాడు.

"ఏం చేశానన్నా నేను? నన్నెందుకు తరుముతున్నావ్?"

ఏజెంట్ తుపాకీ ఎత్తాడు. "అవతలి వాళ్లకి పడ్డ ఆ ఒక్క ఓటూ నీదే!"

"ఆ ఓటు నేనెట్లా వేస్తానన్నా! మిషన్ దగ్గరికే పోనివ్వలేదు గదా నువ్వు! అందరివీ నువ్వే నొక్కావు గదా!"

కాల్చాలి. ఇప్పుడే...

దర్జీ మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. పని మధ్యలో లేచి పరిగెత్తినట్టున్నాడు పాపం.

పాపం! చాన్నాళ్లకు ఏదో ఒకటి అనిపించింది. ఏజెంట్ అదిరిపడ్డాడు.

ఆ ఒక్క క్షణమే ఆలస్యం.

"విన్నాలే." గుమ్మంలో అల్లుడు!

"బాబూ... వీడు అబద్ధం..."

"నువ్వు ఇంటికి పోవయ్యా" అన్నాడు అల్లుడు దర్జీతో. దర్జీ నమ్మలేనట్టు చూశాడు. మరుక్షణం గోడ పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

అల్లుడు తీరిగ్గా తలుపు మూశాడు.

"మామయ్యకి మొదట్నుంచీ తెలుసు. ఆ బూత్‌లో నొక్కింది నువ్వొక్కడివే. ఎవరి మెడకి చుడతావో చూద్దామన్నారు."

ఏజెంట్ గిర్రున తిరిగాడు. తుపాకీ అల్లుడి గుండెకు గురిపెట్టి నొక్కాడు!

టక్.

మళ్లీ నొక్కాడు. టక్!

"అందులో తూటాల్లేవు." అల్లుడు జేబులోంచి తన తుపాకీ తీశాడు. "ఒక్కటే తెలియట్లేదు మామయ్యకి. అవతలి వాళ్లు ఎంతిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు బాబూ."

"మరి మామయ్య మీద కోపమా?"

"అబ్బే... కోపమేముంది."

"మరెందుకు నొక్కావయ్యా?"

ఏజెంట్ ఆలోచించాడు. ఆ ప్రశ్న తనను తాను ఇంతవరకూ అడగలేదు. జవాబు లోపల ఎక్కడో ఉంది. మెల్లగా పైకొచ్చింది.

"పొద్దున్నుంచీ మిషన్ మీద ఒకటే లైటు బాబూ. అదే లైటు. పక్కది అసలు వెలుగుతుందా అని..."

అల్లుడు తుపాకీ కాస్త దించాడు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది కాబోలు.

"వెలిగిందా?"

ఏజెంట్ నవ్వాడు.

"వెలిగింది బాబూ!"

ఢాం!