కిటికీ పక్క కుర్చీ

ఫిల్మ్ నగర్‌లో సినిమా ఆఫీసుల వెనక సందులో, ఒక మేడ మీద గదిలో హిమజ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటోంది. నేర్పేది దేవకుమార్. బంగళా సెట్లలో గోడలకు తగిలించే పెద్ద బొమ్మలు ముప్పై ఏళ్లుగా ఆయన చేతివే. ఏడాదిపాటు ఆయన బ్రష్షులు కడిగాక, హిమజకు ఒక అవకాశం దొరికింది. ఒక బొమ్మకి తేడా లేకుండా నకలు వేస్తే సినిమా పెయింటర్ల సంఘంలో కార్డు ఇస్తారు. ఆ కార్డు ఇంతవరకూ ఒక్క ఆడదానికీ దక్కలేదు. తేడా వస్తే మళ్లీ బ్రష్షుల బకెట్టే.

నకలు వేయాల్సింది ఒక పాత ఫ్రెంచి బొమ్మకి, దాని అచ్చు చూసి. కిటికీ పక్క కుర్చీలో ఒకావిడ తల వంచి బట్ట కుడుతూ ఉంటుంది. దగ్గరగా చూస్తే ముఖం లేదు, గులాబి మరకలూ నీలం మరకలూ అంతే. దూరం జరిగితేనే మనిషి.

"ఎన్ని దినాలు కూసుండబెట్టిండో సార్, ఆ ఏసినాయన. నడుము ఇరిగిపోయి ఉంటది."

"మోడలమ్మా. కూర్చోవడమే వాళ్ల పని."

"అవు మరి. లేస్తే తిట్టు పడేది కూడా ఆమెకే."

దేవకుమార్ పద్ధతి ఒకటుంది. అచ్చుబొమ్మనీ కాన్వాసునీ తలకిందులుగా పెట్టి వేయిస్తాడు. ముఖమనుకుంటే చెయ్యి అబద్ధమాడుతుంది, మరకల్నే చూడు అంటాడు.

బుధవారం సాయంత్రం హిమజ తన కాన్వాసును తిప్పి చూసింది. ఆవిడ తల వంగి లేదు. కాస్త పైకి లేచి ఉంది.

హిమజకి ఒళ్లు మండింది. ఆడది చేసిన పని మీద ఒక గీత గీస్తే గానీ మగవాళ్లకు అన్నం సయించదు. మర్నాడు భోజనానికి పోతూ గదికి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది.

వచ్చి తాళం తీసి, కాన్వాసును తిప్పింది. ఆవిడ చేతిలో సూది లేదు. అరచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి ఉంది. లేవబోయే మనిషిలా...

"నా బొమ్మ మీద చెయ్యేసిండ్రా సార్?"

దేవకుమార్ గొంతు తగ్గించాడు. "తాళంచెవి నీ దగ్గరే ఉందిగా తల్లీ. నువ్వే దిద్దుతున్నావనుకున్నాను. నాకంత బాగా రాదు."

ఆమె నమ్మలేదు. ఆ చేతిని గీకేద్దామని కత్తి ఆనించింది. గంట కిందట వేసిన రంగయితే వెన్నలా లేచి రావాలి. ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది.

కత్తి జారింది. రంగు గోరులా గట్టిపడి ఉంది. దాని మీద సన్నని పగుళ్లు. నూరేళ్ల పగుళ్లు.

ఎవరు... ఎప్పుడు?

శుక్రవారమంతా హిమజ కూర్చుని, వంచిన తలని, సూది పట్టిన చేతిని మళ్లీ మీద నుంచి వేసింది. రంగుల్లో కలిపే అవిసెనూనె వాసన గొంతులోకి దిగింది. వెనక ఎవరో నిలబడి తన చెయ్యి తీరు నేర్చుకుంటున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

శనివారం పొద్దున సంఘం పెద్ద నర్సింహ వచ్చాడు. దేవకుమార్ రెండు బొమ్మల్నీ తిప్పి పక్కపక్కన నిలబెట్టాడు. నర్సింహ అచ్చుబొమ్మని చూశాడు, నకలుని చూశాడు. మళ్లీ చూశాడు.

"జర కూడ తేడా లేదు. ఖాళీ కుర్చీని గింత మంచిగ ఎట్ల ఏసినవ్ బిడ్డా?"

హిమజ చూసింది.

రెంటిలోనూ కిటికీ ఉంది. వెలుతురు ఉంది. కుర్చీ ఉంది.

"ఆమె..." అంది.

"ఏ ఆమె?" అన్నాడు దేవకుమార్. ఆయన హాస్యమాడటం లేదు.

నర్సింహ బల్ల మీద కార్డు పెట్టి పెన్ను తీశాడు. "మొదటి ఆడామె కార్డు. పేరు చెప్పు."

హిమజ ఇంకా ఆ ఖాళీ కుర్చీనే చూస్తోంది.

ఆమె వీపు వెనక నుంచి, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు మెల్లగా పేరు చెప్పింది.

నర్సింహ తలెత్తకుండానే రాసుకున్నాడు. అది హిమజ పేరు కాదు.