పైనుంచి పిలిస్తే పలకొద్దు

మలేషియాలో, పెనాంగ్ దీవి మీది జార్జ్‌టౌన్‌లో ఉప్పుకొట్ల సందు చివరి పుస్తకాల కొట్టుకి చెడ్డపేరుంది. చీకటి పడితే మేడ మీద ఎవరో పేజీలు తిప్పుతారట. మేడ నేలలో ఓ కంత — పాతకాలంలో తలుపు తట్టింది ఎవరో పైనుంచే చూసుకోడానికి పెట్టింది — అందులోంచి ఒక కన్ను చూస్తుందట...

ఆ చెడ్డపేరే కొట్టుకి కూడు పెట్టింది. పెనాంగ్ వచ్చే యాత్రికులు చూడాల్సిన పుస్తకాల కొట్ల జాబితా రాస్తే, అందులో ఇదే మొదటిది. అంత మంచి పుస్తకాలున్నా, జనం వచ్చేది మాత్రం కన్ను కోసమే.

ఆ దెయ్యం పేరు గెక్ నియో. యజమాని సూన్ లాయ్‌కి స్వయానా అక్క. అరవై ఏడేళ్ళు. ఆయాసం మనిషి.

"పేజీలు తిప్పు, మూడుసార్లు తట్టు, కంతలోంచి చూడు. అంతే. నోరు మాత్రం విప్పకు" అనేవాడు సూన్ లాయ్.

"దగ్గొస్తేనో?"

"దిండు కుక్కుకో. దెయ్యాలు దగ్గుతాయా ఎక్కడైనా?"

ఆవిడ నవ్వేసి మేడెక్కేది. ఎవరూ వెనకాలే ఎక్కకుండా సూన్ లాయ్ మెట్ల మీది మూత తలుపు దించి, కిందినుంచి గడియ పెట్టేవాడు.

చీనావాళ్ళ పంచాంగంలో ఏడో నెల వచ్చింది. చచ్చినవాళ్ళు ఊళ్ళో తిరిగే నెల. వీధంతా అగరొత్తుల పొగ. ఆ సాయంత్రం గడియ పెట్టి దిగాక చూశాడు — అక్క ఆయాసానికి పీల్చే మందు గొట్టం గల్లా పక్కనే ఉండిపోయింది. ఒక్క గంటేగా, అనుకున్నాడు పాపాత్ముడు. అప్పటికే ఆరుగురు యాత్రికులు లోపలికొచ్చేశారు.

దీపం తగ్గించాడు. పైన పేజీ తిరిగింది... ఇంకో పేజీ... తర్వాత ఏమీ లేదు.

ఉన్నట్టుండి తట్టుడు. మూడు కాదు — ఆగకుండా, అడ్డదిడ్డంగా. యాత్రికులు ఊపిరి బిగబట్టారు.

"సూన్... లాయ్..."

సూన్ లాయ్ తలెత్తాడు. అక్క గొంతు తనకి తెలీదా? ఇది అక్కది కాదు. బొంగురుగా, ఈలలు వేస్తూ, ఎవరో పీక నొక్కుతున్నట్టుంది. అయినా అక్క మాట్లాడదు. నోరు మూయించింది తనే కదా!

కౌలాలంపూర్ నుంచి వచ్చిన అమ్మాయి గుసగుసగా అంది. "అంకుల్, మిమ్మల్నే పిలుస్తోంది."

"పలకొద్దు..." వెనక్కి జరిగాడు సూన్ లాయ్. "ఏడో నెల. పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. పలికినవాణ్ణి తీసుకుపోతారు."

ఇన్నాళ్ళూ దెయ్యాన్ని అమ్ముకున్నవాడు, ఆ రోజే దెయ్యాన్ని నమ్మాడు.

కంతలో కన్ను కనిపించింది. సరాసరి అతన్నే చూసింది.

"అంకుల్... అది ఏడుస్తోంది" అంది ఆ అమ్మాయి.

పైనుంచి ఒక నీటిచుక్క పుస్తకం మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య తట్టుడు ఆగిపోయింది.

అందరూ వెళ్ళాక సూన్ లాయ్ గడియ తీసి మూత తలుపుని నెట్టాడు. లేవలేదు. భుజం ఆనించి నెట్టాడు. దాని మీద బరువుగా ఏదో ఉంది... అప్పుడు గుర్తొచ్చింది గల్లా పక్కన గొట్టం.

ఇప్పుడు ఆ మేడ మీద ఎవరూ ఉండరు. అయినా చీకటి పడగానే పిలుపు వస్తుందంటారు. సూన్ లాయ్ వెంటనే పలుకుతాడు. "వస్తున్నా అక్కా!" అని అరుస్తూ, గొట్టం పట్టుకుని మెట్లెక్కి, గడియ లేని తలుపుకి భుజం ఆనిస్తాడు. అది లేవదు.

కింద జనం చప్పట్లు కొడతారు.