నున్నగా చేసిన ముఖం

"ఇంకా స్పీడుగా పోనీ బావా!"

వైపర్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అద్దం మీద వాన ఆగడం లేదు.

"రోడ్డు కనపడొద్దా చిట్టీ? మనం పోతే మీ అక్కకెవరు దిక్కు?"

చిట్టి ఒళ్లో లాప్‌టాప్ తెరిచి ఉంది.

అక్కడ ఒక మనిషి చావబోతున్నాడు. ఏ పాపం ఎరగని మనిషి!

చంపబోయేవాడి చేతిలో అతని ముఖం పెట్టింది ఎవరు?

తనే!

ఇందాక ఫోటో స్టూడియో మూసే వేళకి ఫోనొచ్చింది. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడే గార్డు. పోయిన వారం అతని భార్యని తెల్ల బండి ఏదో గుద్దేసింది. నడిపినవాడు దిగాడు. వంగి చూశాడు. ఎక్కి వెళ్లిపోయాడు! ఆమెకి అప్పటికి ప్రాణం ఉంది. తెల్లారేసరికి పోయింది.

ఎదుటి మేడ మీంచి ఎవరో ఫోన్లో రెండు ఫోటోలు తీశారు. చీకటి. వాన. బండి నంబరు లేదు, డోరు ముక్క ఒకటి పడింది. ఫోటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. గార్డు వాటిని పట్టుకుని చిట్టి దగ్గరికి వచ్చాడు.

"నాయిస్ ఎక్కువగా ఉందన్నా. తీసేస్తే ముఖం తెలుస్తుంది" అంది చిట్టి.

"ఫోటోలో నాయిసేంటమ్మా? నా పెళ్లాం అరిచిన అరుపు అందులో పడిందా?"

ఆ మాటకి చిట్టి తల ఎత్తలేకపోయింది. చుక్కలన్నీ తీసేసి ప్రింటు అతని చేతిలో పెట్టింది. "నీ చేతులు చల్లగా ఉండాలమ్మా" అని దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

ఇందాక ఫోన్లో అదే గొంతు.

"దొరికాడమ్మా! ఐసు ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరు. అచ్చం నువ్విచ్చిన ముఖమే! తుపాకీ తీసుకునే వెళ్తున్నా!"

కట్!

మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

అప్పుడు తెరిచింది, చుక్కలు తియ్యని అసలు ఫోటో. చెంప మీది చుక్కల్లో కొన్ని చుక్కల్లా లేవు. గుంటల్లా ఉన్నాయి! తనిచ్చిన ప్రింటులో ముఖం నున్నగా ఉంది!

బావ దగ్గరికి పరిగెత్తింది. "బావా, కారు తియ్యి!"

స్టూడియో బావదే. సంగతి చెప్పగానే బావ ముఖం పాలిపోయింది. తనలాగే భయపడ్డాడు పాపం అనుకుంది.

"పోలీసులకి చేశావా బావా?"

"చేశానన్నానుగా. వస్తున్నారు."

కారు గతుకులో పడి లేస్తుంది. చిట్టి లాప్‌టాప్‌ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటుంది. తను తప్పు చేసిందో లేదో ఇప్పుడే తేలిపోవాలి.

రెండు ఫోటోల్నీ ఒకదాని మీద ఒకటి పెడుతుంది.

నాయిస్‌కి ఇల్లూ వాకిలీ ఉండదు. ఒక ఫోటోలో ఉన్న చుక్క రెండో ఫోటోలో అక్కడ ఉండదు. ఇంకెక్కడో తేలుతుంది. నిజంగా ముఖం మీదే గుంట ఉంటే మాత్రం... కదలదు!

ఆ మనిషీ కదల్లేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, రెండింటిలోనూ. ప్రాణం ఉన్న మనిషిని చూస్తూ.

మీట నొక్కుతుంది. మొదటి ఫోటో.

మళ్లీ నొక్కుతుంది. రెండోది.

గోడ మీది చుక్కలు గంతులేస్తాయి. బండి డోరు మీది చుక్కలు గంతులేస్తాయి.

చెంప మీద మాత్రం గుప్పెడు మచ్చలు... కదలవు!

మొటిమలు మిగిల్చిపోయిన గుంటలు. కణత నుంచి దవడ దాకా.

వీటినెక్కడ చూసింది తను?

చూడటమేంటి! తన వేళ్లకి ఇవి కంఠతా వచ్చు! అక్క పెళ్లి ఆల్బం దగ్గర్నుంచీ, పిల్లల పుట్టినరోజుల దాకా... ప్రతి ఫోటోలో వీటిని నున్నగా చేసింది తనే!

ఎదురుగా లారీ. కారంతా ఒక్కసారి వెలుగు.

చిట్టి తల తిప్పుతుంది.

బావ చెంప!

లారీ దాటిపోతుంది. మళ్లీ చీకటి.

"ఏంటే అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు..."

లాప్‌టాప్ మూత దించేస్తుంది.

ఆ రోజు బావ తన కుర్చీ వెనకే నిలబడ్డాడు. 'ఇంకొంచెం తియ్యి చిట్టీ. ఇంకొంచెం. పాపం, ఆయనకి ముఖం తేటగా కనపడాలి.' తను చుక్కలు తీసే స్లైడర్‌ని చివరిదాకా లాగింది. అంత లాగితే చుక్కలతో పాటు చర్మం కూడా పోతుందని తనకి తెలీదా?

తెలుసు!

మరి ఎందుకు లాగింది? తొందరా? బావ మాట మీద గౌరవమా? లేక... మనసుకన్నా ముందు చెయ్యే గుర్తుపట్టి, ఎప్పట్లాగే తుడిచేసిందా?

కారు వేగం తగ్గుతుంది.

"ఆపుతున్నావేంటి బావా?"

"ముందు నీళ్లు నిలిచాయి. చుట్టు తిరిగి పోదాం."

"నీళ్లెక్కడున్నాయి!"

బావ గేరు మారుస్తూ మెల్లగా అంటాడు.

"ఆ డ్రైవరుకి ముందూ వెనకా ఎవరూ లేరంట చిట్టీ."

అంటే... పోలీసులు రావడం లేదు. ఎవరూ రావడం లేదు!

"అక్కకి తెలుసా?"

బావ చేత్తో అద్దం మీది ఆవిరి తుడుస్తాడు.

"తెలీదు. తెలియనివ్వకే. నేను దిగి చూశాను చిట్టీ... ఒట్టు. ప్రాణం పోయిందనుకున్నాను."

"పోలేదు బావా! తెల్లారేదాకా ఉంది!"

డోరు తెరుస్తుంది. కారు పూర్తిగా ఆగలేదు. దూకేస్తుంది!

మోకాలు రోడ్డుకి కొట్టుకుంటుంది. లేస్తుంది. దూరంగా ఫ్యాక్టరీ గేటు లైటు. పరుగు... పరుగు!

వ్యాను పక్కన డ్రైవరు మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు తల మీద. ఎదురుగా గార్డు. తుపాకీ గొట్టం అతని నుదుటికి తగులుతోంది.

"నేను కాదన్నా! ఆ పూట నేను లోడు దించుతున్నా. ఎవర్నైనా అడుగు!"

"ఫోటో అబద్ధం చెప్తుందట్రా?"

"చెప్తుంది!" చిట్టి అరుస్తుంది. "చెప్తుందన్నా! ఆగు!"

గార్డు తల తిప్పుతాడు.

"నువ్వా తల్లీ? ఈ వానలో నువ్వెందుకొచ్చావ్?"

"ఇతను కాదు. ఆ మనిషికి చెంప నిండా గుంటలున్నాయి. నాయిస్‌తో పాటు నేనే చెరిపేశాను. నా తప్పు. ఇతని చెంప చూడు, అద్దంలా ఉంది!"

గార్డు టార్చి వేస్తాడు. జేబులోంచి ప్రింటు తీస్తాడు. ప్రింటు తడిసి రంగు కారుతోంది. డ్రైవరు ముఖంలోకి చాలాసేపు చూస్తాడు.

తుపాకీ మెల్లగా కిందికి దిగుతుంది.

డ్రైవరు బురదలో కూలబడి బావురుమంటాడు.

బతికాడు! బతికాడు...

"మరి ఎవడమ్మా?"

అక్క ఈపాటికి పిల్లల్ని కూర్చోబెట్టి హోంవర్కు చేయిస్తుంటుంది. చిన్నది నిద్రకి తూగుతుంటుంది. నాన్న వచ్చాకే పడుకుంటానని పేచీ పెడుతుంటుంది.

"తెలీదన్నా."

"ముఖం చూడలేదా?"

"చూళ్లేదు."

అనేసింది! మళ్లీ తుడిచేసింది!

"చిట్టీ!"

వెనక నుంచి. గొడుగు పట్టుకుని, రొప్పుతూ, బావ!

"పిచ్చిదానా, జొరం తెచ్చుకుంటావ్. పద, కారెక్కు..."

గార్డు టార్చి అటు తిరుగుతుంది.

"సారు కూడా వచ్చారా? ఆ రోజు మీ షాపులో మంచినీళ్లిచ్చారు సార్. మర్చిపోలేదు."

"అదెంత మాట..."

టార్చి వెలుగు బావ చెంప మీద ఆగుతుంది.

కదలదు.

వాననీళ్లు గుంట గుంటలోనూ ఆగి, జారుతున్నాయి.

"నా పక్కనే నిలబడి ఫోటో చూశారు కదా సార్." గార్డు గొంతు గుసగుసలా మారుతుంది. "అయ్యో పాపం అన్నారు..."

గొడుగు కింద పడుతుంది.

తుపాకీ లేస్తుంది!

చిట్టి అడ్డం పడుతుంది. చేతులు రెండూ బార్లా చాపి.

"వద్దన్నా! పోలీసులకి అప్పగిద్దాం! నేనే సాక్ష్యం చెప్తా. అసలు ఫోటోలు నా దగ్గరున్నాయి!"

"తెలీదన్నావుగా తల్లీ ఇప్పుడే."

చిట్టి చేతులు దించదు.

"మా అక్కన్నా... పిల్లలన్నా..."

"నీకు అక్క ఉంది. నాకెవరున్నారమ్మా?" గార్డు కళ్లలో కోపం లేదు. అదే భయంగా ఉంది. "పక్కకి జరుగు."

వీపు వెనక బావ ఊపిరి.

"జరగకు చిట్టీ... నీకు దణ్ణం పెడతాను, జరగకే!"

తెల్లారేదాకా రోడ్డు మీద ఆవిడ కూడా ఎవరికో ఇలాగే దణ్ణం పెట్టి ఉంటుంది.

చిట్టి కళ్లు గట్టిగా మూసుకుంటుంది.

ఢాం!

చెవుల్లో హోరు. ఎవరో కేక. అది డ్రైవరుదో, తనదో తెలీదు.

కళ్లు తెరుస్తుంది.

తను నిలబడిన చోట తను లేదు.

ఒక అడుగు పక్కన ఉంది!