ఆరు ఇత్తడి ముక్కలు

మధ్యాహ్నం రెండయ్యేసరికి అక్క గిటార్ మీది ఆరు లోహపు ముక్కలూ ఊడొచ్చి గిన్నెలో పడ్డాయి. ఊడదీసింది పిచ్చుక. పదేళ్లొచ్చినా ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

సాయంత్రం స్కూల్లో అక్క ప్రోగ్రాం ఉంది. గిటార్ మీద ఒక్కో తీగా ఒక్కో ముక్క మీద ఆనుతుంది. ఆ ముక్కలేమో నల్లగా మాసిపోయాయి. అక్కను ఆశ్చర్యపరుద్దామని పిచ్చుక తళతళలాడే కొత్తవి కొనుక్కొచ్చింది. తీరా బిగించబోతే ఒక్కటీ పట్టలేదు. పోనీ పాతవే పెడదామంటే ఏది ఏ తీగదో తెలియదు.

గిటార్‌ను మంచం కిందకి తోసేద్దామా అనుకుంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి గిన్నె, కొత్త ముక్కలు పట్టుకుని అక్క దగ్గరికే వెళ్లింది.

"నన్ను తర్వాత తిట్టక్కా. ముందు ఇది చూడు."

అక్క ముఖం పాలిపోయింది. గబగబా గిటార్‌ను సంచిలో పెట్టి, "పద" అంది. తిట్టినా బాగుండేదనిపించింది పిచ్చుకకు.

రిపేరు షాపు ఆంటీ ఒక అయస్కాంతం తీసింది. కొత్త ముక్క టక్కున అంటుకుంది. పాతది అంటుకోలేదు. ఆంటీ దాన్ని గుడ్డతో రుద్దితే లోపలి పసుపురంగు బయటపడింది.

"కొత్తవి ఇనుము, పైన పూత అంతే. ఇవి ఇత్తడివమ్మా. మీ అక్క ఏరికోరి నాతో వేయించుకుంది."

"మరి ఏది ఏ తీగదో ఎలా తెలుస్తుంది ఆంటీ?"

"గాడి చూడు. లావు తీగ లావు గాడి చేస్తుంది."

పిచ్చుక గాడి లావు చూసుకుంటూ ఆరింటినీ వరసగా పేర్చింది. ఆంటీ తుప్పు పట్టిన ఒక్క స్క్రూ మాత్రం మార్చింది. అక్క మీటుతుంటే ఒక్కో ముక్కనూ సరిచేసింది. నాలుగున్నరకు గిటార్ పలికింది.

"కోపంగా ఉందా అక్కా?"

"ఉంది. ప్రోగ్రాం అయ్యేదాకా ఉంటుంది" అంది అక్క. కానీ స్కూలుకెళ్లే దారంతా పిచ్చుక చెయ్యి వదల్లేదు.

ఆ ఆదివారం అక్క కొత్త మరలు, స్క్రూడ్రైవర్ తెచ్చింది. "తీగలు బిగించే మరలు వదులయ్యాయే. మారుద్దామా?"

పిచ్చుక స్క్రూడ్రైవర్ అందుకోలేదు. లోపలికెళ్లి తెల్ల కాగితం, పెన్సిల్, కొత్తవీ పాతవీ ఒకే లోహమో కాదో చూడడానికి అయస్కాంతం తెచ్చింది. కాగితం మీద గిటార్ తల బొమ్మ గీసి, ఆరు చుక్కలు పెట్టి, ఒక్కోదానికీ ఒక్కో అంకె వేసింది.

"ఇప్పుడు మొదటిది నువ్వు విప్పి ఇక్కడ పెట్టక్కా" అంటూ ఒకటో చుక్క మీద వేలు పెట్టి కూర్చుంది.