నున్నగా అరిగిన గోడ

రేపల్లె స్టేషను వెనకాల ఆసుపత్రిలో పాత కాన్పుల వార్డు వరండా ఉంది చూశారూ… చీకటిపడ్డాక అటు ఎవరూ పోరండి. వార్డు మూతబడి చాలాకాలమైంది. అయినా రాత్రిళ్లు ఎవరో గోడని అరచేత్తో రాసుకుంటూ పోతున్నట్టు చప్పుడు వస్తుందంట. సర్ర్… సర్ర్… అని. కాన్పులో పోయినామె ఎవరో ఇంకా బిడ్డని వెతుక్కుంటోందని ఆయా రాఘవమ్మ చెబుతుంది.

ఆ మాట విన్నప్పుడల్లా సుమయా తల దించుకునేది. ఆ చప్పుడు తనదే మరి! తను రాకముందు నుంచీ ఆ మాట ఉందని మాత్రం తట్టలేదు.

సుమయా నర్సింగు ఆఖరి సంవత్సరం. అమ్మ గౌస్ బీ తెనాలిలో మిషను కుట్టి చదివిస్తోంది. పిల్లకి రేచీకటి. పగలు కూడా తూములోంచి చూసినట్టే… ఆ తూము ఏడాదికేడాది సన్నబడిపోతుందని కళ్ల డాక్టరు చెప్పేశాడు. ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలిస్తే హెడ్ సిస్టర్ మాణిక్యమ్మ ఆ పూటే పెట్టె సర్దించేస్తుంది. అందుకే మనుషులు రాని ఈ వరండాలో గోడ పట్టుకుని దారి నేర్చుకుంటోంది. నడుమెత్తున గోడ నున్నగా అరిగి ఉంటుంది. ఏ కాలం నాటి అరుగుదలో అనుకునేది.

మాణిక్యమ్మంటే అందరికీ హడలు. నడుముకి తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు వినపడితే అందరూ గోడకి ఒదిగిపోవాలి.

"మహారాణిగారి బండి వచ్చింది, తప్పుకోండే," అని రాఘవమ్మ ఎగతాళి.

ఆ రాత్రి గాలివాన. కరెంటు పోయింది. జనరేటరూ మొరాయించింది. పిల్లల వార్డులోంచి ఎవరో తల్లి కేక—

"సిస్టరూ! బిడ్డకి ఊపిరాడట్లేదు, రండమ్మా!"

డ్యూటీ సుమయాది. సెల్లు లైటు వేసినా ఆమెకి నల్లగుడ్డ మీద చిన్న చుక్కే. దగ్గర దారి వరండాయే. గోడ మీద చెయ్యి వేసి కదిలింది.

సర్ర్… సర్ర్…

ఆగింది.

చప్పుడు ఆగలేదు.

సర్ర్… ఎదురుగా వస్తోంది… దగ్గరకొస్తోంది…

మనసులోనే అల్లాని తలుచుకుంది. వెనక్కి పారిపోతే? అక్కడ బిడ్డ…

కళ్లు మూసుకుని — తెరిచినా ఒకటేగా — చెయ్యి ముందుకు జరిపింది.

చల్లటి వేళ్లు తగిలాయి.

ఇద్దరూ కదల్లేదు. తర్వాత ఆ వేళ్లు ఆమె చేతిని, వాచీని, మోచేతిని తడిమాయి… చీకట్లో తను మనుషుల్ని పోల్చుకునేది ఇలాగే కదా. సుమయా చెయ్యి కూడా తడుముతూ పోయి అవతలి నడుము దగ్గర ఆగింది. బరువైన మూట. చప్పుడు కాకుండా చేతిరుమాలులో బిగించి కట్టిన… తాళాలు.

పగలంతా ఆ గలగల ఎందుకో అప్పుడర్థమైంది. గోడని ఎవరి చెయ్యి అరగదీసిందో కూడా.

"ఎవరికీ చెప్పకు తల్లీ…" అంది మాణిక్యమ్మ.

సుమయా నోటిదాకా వచ్చి ఆగిన మాటా అదే.

ఆ చీకట్లో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఎవరు ఎవర్ని నడిపించాలి?

అవతల నుంచి మళ్లీ కేక…

"సిస్టరూ… కళ్లున్నవాళ్లు ఎవరన్నా రండమ్మా!"