పోశన్న గొంగడి

కోటగిరిలో ఆ ఉదయం మంచు ఇంకా విడవలేదు. ఎర్రన్న బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలడానికి బండి కడుతున్నాడు. అతని భార్య రేణుకమ్మ పొయ్యి ముట్టిస్తోంది. ఇంతలో లోపల పెట్టె దగ్గర నుంచి అత్త లింగవ్వ అరిచింది.

"నా సందుగ తెరిసిందెవలు? గొంగడేది?"

"నేనే తీసిన అత్తా. మన కుక్క కర్రి ఈనింది గద! రాత్రి చలికి ఒక పిల్ల సచ్చిపోయింది. గందుకే కొట్టంల పరిసిన."

లింగవ్వ మొహం ఎర్రబడింది. "సచ్చిపోయిన నా మొగని గొంగడి కుక్క కింద ఏస్తవానే? మీ అవ్వగారింట్ల గిదే నేర్పిండ్రా?"

"మా వాళ్ల ముచ్చట ఎందుకు? సందుగల పెట్టి ఏం జేస్తవ్? పురుగులు తింటయ్."

"తిననియ్! నీకేం నొప్పి?"

ఎర్రన్న వాకిట్లో నుంచే గద్దించాడు. "కుక్కకు గొంగడేందే? పోయి తీస్కరా."

"ఒక్కనాడన్న నా దిక్కు మాట్లాడినవా నువ్వు?" అంది రేణుకమ్మ.

లింగవ్వ అప్పటికే కొట్టంలోకి దూసుకుపోయింది. గొంగడి పట్టి లాగేసరికి కుక్కపిల్లలు చల్లటి నేల మీద దొర్లి కుయ్యోమన్నాయి. కర్రి ఆమెను కరవలేదు. గొంగడి అంచు పళ్లతో పట్టుకుని వదలలేదు. లింగవ్వ కట్టె ఎత్తింది. రేణుకమ్మ అడ్డం నిలబడింది.

"కొడితె నన్ను కొట్టు! గోనెపట్ట ఏసిన, గడ్డి ఏసిన. అన్ని తన్ని పారేసి, మామ వస్తడేమోనని తలుపు కాడనే కూసున్నది. పిల్లలకు పాలు గూడ ఇయ్యలే. గీ గొంగడి ఏయంగనే వాసన సూసి పండుకున్నది."

లింగవ్వ చేయి గాలిలోనే ఆగిపోయింది. దసరా ముందు చనిపోయేదాకా ఆమె భర్త పోశన్న చెరకు తోట కావలికి కర్రిని వెంటబెట్టుకునే పోయేవాడు. ఇద్దరికీ ఆ గొంగడే.

"నేను గూడ గదే జేస్తున్ననే," అంది. కట్టె కింద పడేసింది. "దినాం సందుగ తెరిసి దాంట్ల మొకం పెట్టుకుంటున్న. ఆయన వాసన పోతదని గాలి గూడ తాకనియ్యలే."

రేణుకమ్మ ఆమె వైపు ఒక అడుగు వేసింది. "నాకెందుకు జెప్పలేదత్తా?" అంది.

"నువ్వెప్పుడడిగినవ్?"

బండి దగ్గర ఎర్రన్న తల వంచుకుని నిలబడ్డాడు. లింగవ్వ గడ్డిలో కూలబడి, పిల్లలను ఒక్కొక్కటిగా ఏరి గొంగడిలో చుట్టింది. కర్రి చేయి నాకితే వెనక్కి తీసుకోలేదు.

"చలి పోయినంక నాది నాకియ్యాలె," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఉతికినవంటె సూడు!"

"ఉతకనత్తా," అని రేణుకమ్మ ఆమె పక్కనే గడ్డిలో కూర్చుంది.