దిగకూడని స్కోర్‌బోర్డు

అరేనా పైకప్పు దగ్గర పనిచేస్తున్న మెకానిక్ కాలుజారి పడి చనిపోయాడని పేపర్లు రాశాయి. జారలేదు, ఎవరో తోశారు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు. చనిపోయినవాడు మారువేషంలో ఉన్న తన ఏజెంటే. ఎదురుగా కూర్చున్న మరో ఏజెంటుకి, డిపార్ట్‌మెంటంతా మౌని అని పిలిచే మనిషికి, అతను సొంత తమ్ముడు.

"సెలవు తీసుకోవయ్యా," అన్నాడు చీఫ్.

"వద్దు సార్. పని చెప్పండి."

అంత్యక్రియలు ముగిసినప్పటి నుంచీ మౌనికి ఒళ్ళంతా మొద్దుబారినట్టుంది. చేతిలోని కాఫీ వేడిగా ఉందో చల్లారిందో నాలుకకి తెలియడం లేదు.

"సాయంత్రం అదే అరేనాలో బాస్కెట్‌బాల్ ఫైనల్. పొరుగుదేశపు మంత్రి వస్తున్నాడు. రేపు శాంతి ఒప్పందం. అది జరగనివ్వకూడదని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. మ్యాచ్ ఆపితే ఒప్పందమూ ఆగిపోతుంది, ముఠా కూడా మాయమవుతుంది. లోపల మైకులో ప్రకటనలు చేసే అమ్మాయిని కలుసుకో. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. జాగ్రత్త."

నగరం నడిబొడ్డున, అద్దాల మేడల మధ్య ఉంది ఆ అరేనా. పొద్దున ఐస్ హాకీ ఆడిన మంచు మీదే సాయంత్రానికి చెక్క పలకలు పరిచి కోర్టు సిద్ధం చేశారు. మెకానిక్ దుస్తుల్లో మౌని దాన్ని దాటుతుంటే బూట్లలోకి చలి ఎక్కింది. వెనక కారిడార్లో వెండిరంగు గౌనులో ఆమె నిలబడి ఉంది. చూపు తిప్పుకోలేనంత అందం.

"మంచు గట్టిపడిందా?" అన్నాడు.

"అడుగున గట్టిగానే ఉంది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మీరు వస్తారనే అనుకున్నాను, బావగారూ."

మౌని ఆగిపోయాడు. "పెళ్ళెప్పుడయింది?"

"మీకు చెబుదామనే అనుకున్నాం. టైమివ్వలేదు వాళ్ళు." ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "వినండి. స్కోర్‌బోర్డుని మంత్రి నెత్తిన పడేస్తారు. సేఫ్టీ గొలుసులు విప్పేశారు, మోటార్ బ్రేకులకి బాంబులు బిగించారు. నేను మైకులో 'వెలుగు దిగివస్తోంది' అనగానే నా పక్కనున్నవాడు రిమోట్ నొక్కుతాడు. అనకపోతే నన్ను కాల్చి మరీ నొక్కుతాడు."

"ఎంతసేపు లాగగలవమ్మా?"

"నోరున్నంతసేపు."

పైకప్పు కింద ఇనుప వంతెన. తమ్ముడు పడింది ఇక్కడి నుంచే. మౌని కిందికి చూశాడు. ఏదో ఒకటి పొంగుకొస్తుందని ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. జేబులోంచి రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ తీశాడు. చుట్టూ ఉక్కే కావడంతో దాని సిగ్నల్ గుడ్డిదీపంలా మిణుకుమని ఆరిపోయింది. దాన్ని పారేసి గొలుసులు తగిలించడం మొదలుపెట్టాడు.

కింద మంత్రి ఆట ప్రారంభించడానికి కోర్టు మధ్యకొచ్చి నిలబడ్డాడు. మైకులో ఆమె ఆటగాళ్ళ పేర్లు, వాళ్ళ ఊర్లు, వాళ్ళ కోచ్‌ల గొప్పలు సాగదీస్తోంది. జనం ఈలలు వేస్తున్నారు. ఆఖరిదైన నాలుగో గొలుసు కొక్కెం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మౌని అరచెయ్యి చీరుకుపోయింది.

ఆమె దగ్గర పేర్లు, గొప్పలు అన్నీ అయిపోయాయి. "ఇక... వెలుగు దిగివస్తోంది!"

కొక్కెం తగులుకుంది. ఆ వెంటనే బ్రేకులు పేలాయి. డ్రమ్ముల హోరులో ఆ చప్పుడు కలిసిపోయింది. ఇంటంత స్కోర్‌బోర్డు ఒక్కసారిగా జారి, గొలుసులు కిర్రుమనగా మంత్రి తలకి మనిషెత్తు పైన ఊగుతూ ఆగింది. రిమోట్ వదిలి తుపాకీ తీయబోయినవాడి నుదుటి మీద ఆమె మైకు స్టాండు విరగ్గొట్టింది.

మౌని చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. "బావగారూ, బాగానే ఉన్నారా?"

"చెయ్యి తెగింది. నొప్పే తెలియట్లేదమ్మా."

"నాకూ అంతే," అంది.

కింద మంత్రి తల పైకెత్తి, స్కోర్‌బోర్డుని కళ్ళింతలు చేసుకుని చూసి చప్పట్లు కొట్టాడు.

"అద్భుతం!" అన్నాడు పక్కనున్న అధికారితో. "ఇంకోసారి దించమనండి."